చాప తలకాయ ఎటు?

మా నాయిన 1989ల కొన్న హీరో హోండా సీడీ 100 బండి ఇప్పటికీ మా వాకిట్లనే ఉన్నది. అది కొత్తగ వచ్చినప్పుడు వాడకట్టంత చూడనీకె వచ్చిన్రు. పెట్రోల్ల ఆయిల్ కలిపే పని లేదట, ఎనుకకెల్లి పొగ రాదట! అప్పటిదాకా మేం ఎరిగినయి రాజ్‌దూత్‌లు. పొగను బట్టే వచ్చేది ఎవలో చెప్పేటోళ్లం. "నింపు, మూయి, మరిచిపో" అని ఆ బండికి ప్రచారం ఉండె. మొదటి రెండింటి సంగతేమో గని, మూడోదాన్ని మా నాయిన వేదం లెక్క పట్టుకున్నడు. ఇంజన్ ఆయిల్ మార్చుడు మరిచిండు, ఎయిర్ ఫిల్టర్ మరిచిండు, చైన్ అనేదొకటి ఉంటదని గూడ మరిచిండు. అయినా బండి నడిచింది. చైన్ కవర్ తుప్పు వట్టి ఊడిపోయినా నడిచింది. ఆయన పోయినంక బండీ నాకే వచ్చింది, ఆ మతిమరుపూ నాకే వచ్చింది.

మొన్న చైన్ కరకరమంటుంటె నల్లగొండల గడియారం సెంటర్ దాటినంక ఉండే మెకానిక్ పిల్లగాని దగ్గరికి పోయిన. వాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిండు. చదివిండనుడు పెద్ద మాటే. ఆఖరి బెంచీల కూసొని, కిటికీలకెల్లి వచ్చే సప్పుడు విని ఏ బండి పోతున్నదో పక్కోనికి చెప్పేటోడు. నేను ఆ కిటికీ మూయించిన. సైన్సుల వానికి పదకొండు మార్కులు. అవి గూడ నేను దయతలిస్తే వచ్చినయి.

"సార్, సెట్టు మొత్తం మార్చాలె. చైన్, అది తిరిగే ముందు పళ్ల చక్రం, ఎనుక పళ్ల చక్రం" అన్నడు. ఎనుక చక్రం పళ్లు చూపిచ్చిండు. అన్నీ ఒకే దిక్కు ఒంగి కొడవలి మొనల లెక్క ఉన్నయి.

"చక్రాలు తిరుగుతనే ఉన్నయి గదరా, చైన్ ఒక్కటి చాలదా?"

"పాత పళ్ల మీద కొత్త చైన్ ఏస్తే దాన్ని గూడ నములుతయ్ సార్."

పదకొండు మార్కులోడు నాకు యంత్రశాస్త్రం చెప్పుడేంది? చైన్ ఒక్కటే కొన్న. ఎయ్యడానికి గూడ వానికి పైసలెందుకని ఇంటికి తెచ్చుకున్న.

తెల్లారితే అమాస. చెర్వుగట్టు రామలింగేశ్వరుని గుడికి పోవాలె అని మా ఇంటామె మూడు నెలల సంది అంటున్నది. పొద్దుగాలనే వాకిట్ల గోనెసంచి పరిచి పని మొదలువెట్టిన. పాత చైన్ కొసకు కొత్త చైన్ తగిలిచ్చి గుంజితె, ముందు చక్రం మీదికెల్లి అదే తిరిగి వస్తది. ఆ ఉపాయం నాకు ఎరికే. నా మీద నాకే ముద్దొచ్చింది. ఇగ మిగిలింది చైన్ రెండు కొసలను కలిపి పట్టే లాకు. గోరంత ఉంటది, ఒక దిక్కు మూసి ఒక దిక్కు చీలి. పట్కారుతోటి ఒత్తితె ఎగిరి మందారం కుండీల పడ్డది. మా ఇంటామె చీపురుతోటి ఎతికి ఇచ్చింది. రెండోసారి టక్కున కూసున్నది. ఏ దిక్కు పెట్టాల్నో అనే ఆలోచనే రాలే. గోరంత ముక్కకు గూడ వాస్తు ఉంటదని ఎవలు అనుకుంటరు?

బత్తాయి తోటల మధ్యల పోతున్నం. ఎనుక మా ఇంటామె, ఆమె ఒళ్లె కొబ్బరికాయల సంచి. ఎల్లారెడ్డిగూడెం ఇంకా రాలే. 'టప్' మన్నది. ఇంజన్ లారీ లెక్క మొత్తుకుంటున్నది, బండేమో నిమ్మళంగ ఆగుతున్నది. శక్తి ప్రసారం అని నేను ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం నూరు గజాల ఎనుక రోడ్డు మీద చచ్చిన పాము లెక్క పడున్నది.

దాన్ని తెచ్చుకొని నిలబడ్డనో లేదో, గట్టుకు పోయే ఆటో ఆగింది. దిగకుండనే సలహాలు మొదలైనయి. "రిజర్వుల పెట్టిన్రా?" అన్నడొకాయన. "ప్లగ్గు తీసి సాఫ్ చెయ్యి పంతులూ" అన్నడింకొకాయన. "ఎడమ దిక్కు ఒంచి లేపుండ్రి, పెట్రోల్ దిగుతది" అన్నది ఒక ముసలమ్మ. చైన్ నా చేతిల దండ లెక్క ఏలాడుతున్నది, దాన్ని మాత్రం ఎవలూ చూడలే.

మా ఇంటామె ఆటో ఎక్కింది. "నువ్వు బాగుచేసుకో, నేను దర్శనం చేసుకొనొస్త." పోతపోత సంచిలకెల్లి ఒక కొబ్బరికాయ తీసి నా చేతుల పెట్టింది. "బండికి కొట్టు" అన్నది.

సిగ్గు ఇడిచి మెకానిక్ పిల్లగానికి ఫోన్ చేసిన. అర్ధ గంటల వచ్చిండు, ఎనుక పన్నెండేండ్ల తమ్ముడు. బడికి సెలవట. చైన్ చూసిండు, నా చేతుల కొబ్బరికాయ చూసిండు, ఏమనలే. అదే నాకు ఎక్కువ బాధయింది.

"లాకు మూతి ఎటు పెట్టిన్రు సార్?"

"దానికి మూతేంది?"

జేబులకెల్లి కొత్త లాకు తీసి అరచేతుల పెట్టుకున్నడు. "ఇగో, ఇది చాప అనుకోండ్రి. మూసున్న దిక్కు తలకాయ, చీలిన దిక్కు తోక. చైన్ ఎటు ఉరుకుతదో అటు తలకాయ ఉండాలె. తోక ముందటికి పెడితె ఏ రాయి తాకినా, ఏ పుల్ల తట్టినా ఊడి ఎగిరిపోతది. మీకు కవర్ గూడ లేకపాయె."

ఇరవై ఏండ్ల సర్వీసుల నేను ఏ పాఠమూ ఇంత సాఫ్‌గ చెప్పలే. చైన్ ఎక్కిచ్చి, చాపను పెట్టి, ఎనుక చక్రాన్ని చేత్తోటి తిప్పిండు. పైన ఉన్న లాకు ముందటికి పోయి, మలుపు తిరిగి, కింది వరుసలకు వచ్చింది. చక్రాన్ని ఆపి, లాకు కనవడకుంట చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. లాకు కిందికొచ్చింది. తలకాయ ఎటుంటది?"

ముందటికే అని నోటి దాకా వచ్చింది. వాని మొఖం చూసి ఆగిన. చెమట వట్టింది. ఆఖరి బెంచీల కూసున్నోనికి ఎట్లుంటదో ఎరికైంది. బండికి అవతల గొంతు కూసున్న తమ్ముడు, అన్నకు కనవడకుంట, గ్రీజు వేలుతోటి ఎనుక చక్రం దిక్కు చూపిచ్చిండు.

"ఎనుకకు" అన్న.

మెకానిక్ పిల్లగాడు తల ఎత్తకుండనే పానా అందుకున్నడు.

"కాపీ కొట్టిన్రు సార్."