పొలుసు మీద రాసిన సముద్రపు లెక్క

కర్నూలు చేపల మార్కెట్లో బొచ్చెను గీకేటప్పుడు ఎగిరిపడే పొలుసునొకదాన్ని ఎండకు పట్టి చూస్తే, కొట్టేసిన మాను మొదట్లో కనిపించేలాంటి సన్నని వలయాలు కనిపిస్తాయి. మేత దండిగా దొరికిన కాలంలో అవి ఎడంగా, దొరకని కాలంలో ఇరుకుగా పడతాయి. వేల మైళ్ల అవతల అట్లాంటిక్ సాల్మన్‌కు సముద్రంలో ఏం జరుగుతున్నదో శాస్త్రవేత్తలకు చెప్పింది కూడా ఇలాంటి పొలుసులే.

చల్లని ఏటి గులకరాళ్ల మధ్య పుట్టిన ఈ చేప కొన్నేళ్లు అక్కడే పెరిగి, ఒళ్లంతా వెండి రంగు తేలాక సముద్రంలోకి దిగి, గ్రీన్‌లాండ్ పడమటి తీరం దాకానో నార్వే సముద్రంలోకో పోయి, ఒకటి రెండు చలికాలాలు మేసి, పుట్టిన ఏటి వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. అలా వెళ్లినవాటిలో ఇప్పుడు చాలా నదులకు నూటికి ఐదు కూడా తిరిగి చేరడం లేదు. 2006, 2020 మధ్య వీటి సంఖ్య ప్రపంచవ్యాప్తంగా 23 శాతం తగ్గిందని చెప్పిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్, 2023లో ఈ చేపను ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది.

తప్పంతా వలలదే అనుకోవడానికి వీల్లేదు. ఐర్లాండ్ 2007 నుంచి సముద్రంలో సాల్మన్ కోసం తేలే వలలు వేయడాన్ని నిషేధించినా పాత రోజులు తిరిగి రాలేదు. నార్వే నదుల్లో సేకరించిన పొలుసులను చదివితే, 2005 ప్రాంతం నుంచి సముద్రంలో మొదటి ఏడాది వలయాలు ఒక్కసారిగా ఇరుకైనట్లు తేలింది. ఉత్తరం నుంచి వచ్చే చల్లని నీరు తగ్గి, దానితోపాటు వచ్చే ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా తగ్గడమే ఇందుకు కారణమని అంచనా.

నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట దగ్గర నిలబడితే చేపకు అడ్డమేమిటో కంటికి కనిపిస్తుంది. నడిసముద్రంలో అలా కనిపించదు గనుక నెపమంతా సముద్రం మీదికి నెట్టడం తేలిక. మన నగరాల దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే గులాబీ రంగు ముక్క అడవి చేపది కాదు, చాలావరకు నార్వే తీరపు వలపంజరాల్లో పెంచినది. (ముంబైలో ఇండియన్ సాల్మన్ అని అమ్మే రావస్‌కు దీనితో చుట్టరికమే లేదు.) చేప పేను చేసే చేటు మన చెరువుల రైతులకు కొత్త కాదు. ఆ పంజరాల్లో పెచ్చుపెరిగిన సముద్రపు పేలు, జానెడైనా లేని పిల్ల సాల్మన్లు తీరం దాటిపోయే దారిలోనే వాటిని పట్టి, మేతకు చేరకముందే పీల్చేస్తాయి. 2024 జూన్‌లో నదులకు తిరిగొచ్చే సాల్మన్ల సంఖ్య మరీ పడిపోయినప్పుడు నార్వే ప్రభుత్వం 33 నదుల్లో గాలం వేయడాన్ని ఆపించింది. పంజరాలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.