‘మీద’ అనగానేమి?

సోమవారం పొద్దున నలభై ఏడు పేజీల పత్రం ఒకటి, నా పేరు మీద పెట్టబోయే పేటెంటు దరఖాస్తు ముసాయిదా, నా ముందుకు వచ్చింది. నేను ఏదో కనిపెట్టానని అందులో రాసి ఉంది. ఏమి కనిపెట్టానో తెలుసుకుందామని ఆసక్తిగా చదవడం మొదలుపెట్టాను. పన్నెండో పేజీ దాకా అంతు చిక్కలేదు. పదమూడో పేజీలో మాత్రం ఒక పేరా నా చొక్కా పట్టుకుని నిలబెట్టింది. దాని సారాంశం ఇది: ఈ పత్రంలో ఒక భాగం మరొక భాగం ‘మీద’ ఉందని ఎక్కడ రాసినా, ఆ రెండూ ఒకదానినొకటి తాకుతూ ఉండవచ్చు, మధ్యలో మూడోది ఏదైనా ఉండి తాకకుండానూ ఉండవచ్చు. ‘పైన’, ‘కింద’, ‘ఎగువ’, ‘దిగువ’ అనేవి వర్ణన సౌలభ్యం కోసం వాడిన మాటలు. వస్తువును 90 డిగ్రీలు తిప్పినా, మరే దిక్కుకు తిప్పినా ఆ మాటలను అందుకు తగినట్టు అర్థం చేసుకోవాలి.

నేను చిప్పులలో తీగలు గీసి బతికేవాణ్ణి. మెటల్ వన్ అనే మొదటి తీగల అంతస్తు మీద మెటల్ టూ అనే రెండోది ఉంటుందని ఇరవై ఏళ్లుగా నమ్మి, ఆ నమ్మకం మీదే ఇంటి అప్పు తీర్చినవాణ్ణి. ఇప్పుడు నా పేరుతోనే ఉన్న పత్రం నాతో అంటున్నది: మీద అంటే మీదే కావచ్చు, తిప్పితే పక్కన కావచ్చు, ఇంకాస్త తిప్పితే కింద కావచ్చు, కంగారు పడవద్దు.

ఈ పేరా మా వకీలు సొంత సృష్టి అనుకుంటే పొరపాటు. అమెరికా పేటెంటు కార్యాలయం ఈ మధ్య ఇచ్చిన చిప్పు పేటెంట్లు ఒక పది తిరగేయండి. శుభలేఖ మీద శ్లోకం ఎలా తప్పదో, చాలావాటిలో ఇది అలా తప్పదు. వరుడు మారతాడు, వధువు మారుతుంది, శ్లోకం మారదు. ఎవరూ దాన్ని చదవరు, తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. చిప్పులో ట్రాన్సిస్టర్లు, అంటే కరెంటును ఆపి వదిలే బుల్లి స్విచ్చులు, అడుగున ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే లోహపు తీగలు పైన అంతస్తులు అంతస్తులుగా, పది, పదిహేను వరసల్లో ఉంటాయి. ఒక అంతస్తులో తీగలు తూర్పు పడమరలుగా పోతే పై అంతస్తులో ఉత్తర దక్షిణాలుగా పోతాయి. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య నిలువు స్తంభాలుంటాయి, వాటిని మేము వయా అంటాము. గోరంత చిప్పులో ఈ తీగల పొడవు కిలోమీటర్ల లెక్క. మొదట్లో అల్యూమినియం వాడేవారు. 1997లో ఐబీఎం రాగి తీగలను ప్రకటించింది. రాగిలో నిరోధం దాదాపు 40 శాతం తక్కువ. కానీ రాగిని అల్యూమినియంలా చెక్కడం కుదరదు. అందుకని ముందు గాడి తవ్వి, అందులో రాగి నింపి, పైన ఎక్కువైనదాన్ని సానబట్టి తీసేస్తారు. ఈ పద్ధతికి డమాస్కస్ నగర లోహపు పని పేరు మీద డమసీన్ అని పేరు పెట్టారు. బీదరు పనివాళ్లు శతాబ్దాలుగా చేస్తున్నదీ అదే: గాడి చెక్కు, వెండి పొదుగు, నునుపు చెయ్యి. వాళ్లకు పేటెంటు వకీలు దొరకలేదు, అంతే తేడా.

రాగితో ఒక చిక్కు ఉంది. అది కుదురుగా ఉండదు. చుట్టూ ఉన్న పదార్థంలోకి పాకి, సిలికాన్‌లోకి చేరిందంటే ట్రాన్సిస్టర్ పని అయిపోయినట్టే. అందుకే రాగి చుట్టూ టాంటలం నైట్రైడ్ లాంటి పలచని అడ్డుపొర వేస్తారు. మందం రెండు మూడు నానోమీటర్లు; మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. ఆ పొర లేకపోతే చిప్పు చస్తుంది. మరీ మందమైతే రాగికి చోటు చాలక తీగ చస్తుంది. అంటే మా వృత్తి మొత్తం ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రెండింటి మధ్య మూడోది ఉందా, లేదా, ఉంటే ఎంత? సరిగ్గా ఆ ప్రశ్నకే మా పత్రం చెప్పే జవాబు: ఉండవచ్చు, లేకపోవచ్చు.

ఒకప్పుడు ఈ మాటకు విలువ ఉండేది. 1959 ఫిబ్రవరిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు చెందిన జాక్ కిల్బీ, అదే ఏడాది జూలైలో ఫెయిర్‌చైల్డ్‌కు చెందిన రాబర్ట్ నాయిస్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ మీద, అంటే చిప్పు మీద, దరఖాస్తులు పెట్టారు. కిల్బీ ముందుగా పెట్టినా నాయిస్‌కు 1961లో, కిల్బీకి 1964లో పేటెంటు వచ్చింది. ఎవరిది ముందు అన్న పేచీ కోర్టుకెక్కింది. అసలు తగాదా దేని మీద? చిప్పును కప్పే ఆక్సైడ్ పొర మీది లోహపు తీగ గురించి. కిల్బీ దరఖాస్తులో బంగారాన్ని ఆ పొర మీద ‘పరచవచ్చు’ అన్నట్టు ఉంది. నాయిస్ దరఖాస్తులో తీగ పొరకు ‘అంటుకుని’ ఉంది. పరిచినంత మాత్రాన అంటుకున్నట్టా? చాప పరిస్తే నేలకు అంటుకుంటుందా? పెద్దలు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. 1969లో అమెరికా అప్పీలు కోర్టు, పరచడం వేరు, అంటుకోవడం వేరు అని నాయిస్ పక్షాన తేల్చింది. ఆ తీర్పు రాకముందే, 1966లో, రెండు కంపెనీలూ కూర్చుని రాజీ పడి ఒకరి పేటెంటు ఒకరు వాడుకుంటున్నాయన్నది వేరే సంగతి. జపాన్‌లో కిల్బీ 1960 నాటి దరఖాస్తు నుంచి పాయలుగా చీలిన పేటెంటు 1989లో మంజూరైంది. ఈలోగా చిప్పు పుట్టి, పెరిగి, చంద్రుడి దాకా వెళ్లి వచ్చింది.

అయినా ఆ కాలం మీద నాకు గౌరవమే. ఒక్క క్రియ కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నారంటే మాటకు అర్థం ఉందని నమ్మినట్టే కదా. ఆ తీర్పు నుంచి వకీళ్లు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఇకపై ఏ మాటకూ అర్థం ఉండకుండా చూసుకోవాలని.

ఈ కళ ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే మా అమ్మ ఇడ్లీ పాత్ర చూడండి. అంతస్తులు, నిలువు కడ్డీ, ఒక పళ్లెంతో పోలిస్తే పై పళ్లెం కాస్త తిప్పి పెట్టి ఉండడం: అచ్చం మా మెటల్ వన్, మెటల్ టూ, వయా. దీనికి పేటెంటు అడిగితే క్లెయిము, అంటే ఏది నాదో చెప్పి హక్కు కోరే భాగం, ఇలా ఉంటుంది. పొలం దస్తావేజులు చదివినవారికి కొత్తగా ఉండదు.

“ఒకటి. ఒకానొక ఆవిరి నిర్మాణము. అందు ఒక మొదటి పళ్లెము. సదరు మొదటి పళ్లెము మీద ఒక రెండవ పళ్లెము. సదరు పళ్లెములయందు కనీసము ఒక్కొక్క గుంట. సదరు గుంటలయందు ఒకటి గాని అంతకు మించి గాని రంధ్రములు. సదరు పళ్లెములను నిలువునా కలుపుచు ఒక కడ్డీ. రెండు. ఒకటవ క్లెయిమునందలి నిర్మాణమే, అయితే రెండవ పళ్లెము కొంత తిప్పబడినది. మూడు. రెండవ క్లెయిమునందలి నిర్మాణమే, అయితే సదరు గుంట సుమారుగా గుండ్రముగా నుండును.”

ఇడ్లీ అనే మాట ఎక్కడా లేదని గమనించారా? ఇడ్లీ అని రాస్తే హక్కు ఇడ్లీకే పరిమితమవుతుంది. రేపు ఎవరైనా అందులో కుడుములు వేసుకుంటే నష్టం ఎవరికి? అందుకని ‘వేడికి ఉబ్బు గుణము గల పిండి పదార్థము’ అని రాయాలి.

రెండేళ్లకు ఎగ్జామినర్ నుంచి, అంటే దరఖాస్తును పరీక్షించే పేటెంటు అధికారి నుంచి, ఉత్తరం వస్తుంది. మాటలకు సమంజసమైన అర్థాలలో అన్నిటికన్నా విశాలమైనది తీసుకోవడం ఆయన విధి. మీరు ‘మీద’ను సాగదీసి పెట్టారు కాబట్టి ఆయనకు అది ఎక్కడ వెతికినా దొరుకుతుంది. టిఫిన్ క్యారియర్ దొరికింది: గిన్నె మీద గిన్నె, పక్కన నిలువు కడ్డీ. రంధ్రాలు లేవే? రెండో ఆధారం బూందీ గరిటె. ఈ రెండింటినీ కలపాలని సాధారణ నైపుణ్యం గల వంటవాడికి సహజంగానే తట్టి ఉండేది కనుక తిరస్కరించడమైనది.

ఈ ‘సాధారణ నైపుణ్యం గల వ్యక్తి’ ఎవరో పేటెంటు చట్టానికే తెలియాలి. ప్రపంచంలో అచ్చయిన ప్రతి పత్రమూ చదివి ఉంటాడు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన మరమనిషి కాదని, మామూలు సృజన ఉన్నవాడేనని కూడా ప్రకటించింది. మా దగ్గర ఉద్యోగానికి మాత్రం ఆయన ఇంతవరకు దరఖాస్తు చేయలేదు.

మన వకీలు ఊరుకుంటాడా? టిఫిన్ క్యారియర్‌కు రంధ్రాలు పెడితే సాంబారు కారిపోతుంది, క్యారియర్ అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది, కాబట్టి ఏ వంటవాడూ అలా కలపడు అని పదకొండు పేజీల జవాబు రాస్తాడు. నవ్వకండి, ఇది చట్టం ఒప్పుకునే వాదన. దానికి ఎగ్జామినర్ ‘తుది తిరస్కరణ’ పంపుతాడు. తుది అంటే తుది అనుకునేరు. రుసుము కడితే పరీక్ష మళ్లీ మొదలవుతుంది. మళ్లీ తుది, మళ్లీ రుసుము. మా ఊళ్లో ఆఖరి ఆట అని బోర్డు పెట్టి నెలల తరబడి సినిమా ఆడించిన టెంటు ఒకటి ఉండేది.

ఈసారి ఎగ్జామినర్ పూలకుండీల స్టాండు తెస్తాడు. కుండీల అడుగున రంధ్రాలున్నాయి, నడుమ కడ్డీ ఉంది, ఇక తప్పించుకోలేరు. వకీలు చివరి అస్త్రం తీస్తాడు: ‘నేరుగా’. పళ్లెం పళ్లెం మీద ‘నేరుగా’ ఉన్నదని సవరిస్తాడు. కానీ ఇడ్లీ ఉబ్బడానికి చోటు కావాలి కదా, నేరుగా ఎలా ఉంటుంది? అది ఆయనకు ఇంట్లో ఎవరో చెప్పాక ‘సుమారు 20 నుంచి సుమారు 30 మిల్లీమీటర్ల ఎడముతో’ అని మళ్లీ సవరిస్తాడు. ఆ ఎడం ఉన్న కాగితం ఎగ్జామినర్‌కు దొరకదు. పేటెంటు మంజూరు.

నిన్న స్కేలు పెట్టి అమ్మ పాత్ర కొలిచాను. 27 మిల్లీమీటర్లు. అమ్మ ఉల్లంఘనలో ఉంది. ఆ పాత్ర అంతకు ముందునుంచే ఉందిగా అంటారా? ఉంది. కోర్టులో నిరూపించండి. రసీదు ఏది?

ఎగ్జామినర్‌ను తిట్టాలని నాకు లేదు. అమెరికాలో ఒక దరఖాస్తుకు ఆయనకు సగటున దొరికేది 20 గంటలు అటూ ఇటూ. ఆ గంటల్లోనే నలభై ఏడు పేజీలు చదవాలి, లోకంలోని పాత కాగితాలన్నీ వెతకాలి, పదకొండు పేజీల సాంబారు వాదనకు జవాబివ్వాలి. పదమూడో పేజీలో పేరా దగ్గర ఆగి, అయ్యా, ఇంతకీ మధ్యలో పొర ఉందా లేదా అని అడగాలని ఆయనకూ ఉండే ఉంటుంది. తీరిక ఏది?

నాకు మండింది వేరే చోట. మొన్న వరంగల్ కాలేజీ నుంచి శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి పేటెంటు ఒకటి అచ్చు వేసుకుని తెచ్చింది. రాగి అడ్డుపొర గురించి నేర్చుకుందామని వారం రోజులు దానితో కుస్తీ పట్టిందట. పొర మందం: సుమారు 0.5 నుంచి సుమారు 50 నానోమీటర్లు. పొర పదార్థం: టాంటలం, టైటానియం, కోబాల్ట్, రుథేనియం, వాటి నైట్రైడ్లు, వాటి మిశ్రమాలు, లేదా తగిన మరే పదార్థమైనా. కింద గీతలు గీసి ఉన్నాయి. “ఇందులో ఏది పనిచేస్తుంది సార్?” అని అడిగింది.

ఉప్పు: చిటికెడు నుంచి బస్తా దాకా. పప్పు: కంది, పెసర, మినప, లేదా తగిన మరే గింజైనా. ఇది వంట నేర్పడమా? దీన్ని రాసినవాళ్లకు జవాబు తెలుసు. ఏ పదార్థమో, ఎన్ని అణువుల మందమో, ఎంత వేడి దగ్గర వేయాలో ప్రతిదీ తెలుసు. చెప్పలేదు. పేటెంటు అంటే బేరం. నీకు తెలిసింది నలుగురికీ విప్పి చెప్పు, దానికి బదులుగా 20 ఏళ్లు నీ సొమ్మును ఎవరూ ముట్టుకోకుండా మేము కాపలా కాస్తామని ప్రజలు ఇచ్చిన మాట. కాపలా తీసుకున్నారు. చెప్పడం ఎగ్గొట్టారు. దీన్ని మామూలు భాషలో మోసం అంటారు. వడ్డీ వ్యాపారి ఇలా చేస్తే ఊరంతా కలిసి నిలదీస్తుంది. ఇక్కడ పతకాలు ఇచ్చి గోడకు తగిలిస్తారు. నా గోడకూ ఉన్నాయి, మూడు.

నీకు తెలిసిన ఉత్తమ పద్ధతి రాయి అనే నియమం అమెరికా చట్టంలో ఇంకా ఉంది. కానీ రాయకపోయినా ఆ కారణంతో పేటెంటు చెల్లదనడానికి వీల్లేదని 2011లో చట్టం మార్చారు. నియమం ఉంది, ఉల్లంఘిస్తే ఏమీ లేదు. మన 1970 చట్టం ఈ విషయంలో నయం: ఉత్తమ పద్ధతి చెప్పాలి, చెప్పకపోతే పేటెంటు రద్దు కోరవచ్చు. కాగితం మీద. ఇక్కడ ‘మీద’ అంటే ఏమిటో నన్ను అడగకండి.

ఆ అమ్మాయికి నేనేమి చెప్పాను? ఏమీ చెప్పలేదు. నాకు తెలిసినది కంపెనీ రహస్యం. లైబ్రరీలో ఒక పాఠ్యపుస్తకం ఉంది చూడమ్మా అని పంపించాను. వెళ్తూ ఆ పేటెంటు నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

మంగళవారం నా ముసాయిదాలో పదమూడో పేజీ పేరా కొట్టేసి పంపాను. మందం దగ్గర మేము నిజంగా వాడిన అంకె రాశాను. బుధవారం పేరా తిరిగి వచ్చింది, అంకె పోయింది. ‘సుమారు 0.5 నుంచి’ అని మొదలైంది. మళ్లీ కొట్టేశాను. గురువారం మళ్లీ వచ్చింది, ఈసారి మా మేనేజరు ఫోనుతో సహా.

శుక్రవారం సంతకానికి పత్రం పెట్టారు. చివరి పేజీలో ఒక గీత, దాని పక్కన ‘సంతకం ఈ గీత మీద చేయవలెను’ అని ఉంది. నేను గీత కింద చేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.