సగం మందితో నడిచే ఆన్‌లైన్ బడి కన్నా సెలవే నయం

తుపానో, వరదో, మంచో, వడగాడ్పులో, ఊపిరాడనివ్వని పొగో... కారణం ఏదైనా బడి మూయాల్సి వస్తే ఇప్పుడు వెంటనే వినిపించే మాట 'ఆన్‌లైన్ క్లాసులు పెట్టండి'. 2020 కరోనా మూసివేతలు అలవాటు చేసిన మాట ఇది. పాఠం ఆగలేదనిపించుకోవచ్చు, పనిదినం లెక్కలోకి వస్తుంది, పైనుంచి అడిగేవాళ్లూ ఉండరు. ఆ రోజు నిజంగా ఎవరు చదువుకున్నారన్నది మాత్రం ఏ హాజరు పట్టీలోనూ కనిపించదు.

ఒకటి రెండు రోజులు బడి లేకపోతే అంత నష్టమా? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మంచు సెలవుల మీద ఆర్థికవేత్త జాషువా గుడ్‌మన్ 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. బడి మొత్తం మూతపడిన రోజుల వల్ల పిల్లల మార్కులు తగ్గిన దాఖలా ఆయనకు పెద్దగా దొరకలేదు. ఎవరికి వారు బడి మానిన రోజుల వల్ల మాత్రం తగ్గాయి. ఎందుకో టీచర్లకు వేరే చెప్పనక్కర్లేదు. అందరూ ఒకచోటే ఆగిపోతే మర్నాడు అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. కొందరు విని, కొందరు వినకపోతే క్లాసు రెండుగా చీలుతుంది. వెనక్కి వెళ్తే విన్నవాళ్లకు విసుగు, ముందుకు వెళ్తే విననివాళ్లకు అయోమయం.

దీన్ని ఆన్‌లైన్ రోజుకు అన్వయించి చూడండి. నలభై మంది క్లాసులో పాతిక మంది లింకు తెరిచారనుకుందాం. వాళ్లకు భిన్నాల కూడిక చెప్పేశారు. మిగతా పదిహేను మందికి ఆ పాఠం పోయింది. సెలవు ఇచ్చి ఉంటే ఎవరికీ పోయేది కాదు. అంటే అందరికీ సమానంగా పడాల్సిన విరామాన్ని మనమే కొందరి గైర్హాజరుగా మార్చాం. ఆ కొందరూ ఎవరో తెలిసిందే. ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉన్నవాళ్లు, ఆ ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోయేవాళ్లు.

నిధులూ పరికరాలూ ఉన్నచోట కూడా ఇది సాఫీగా సాగుతుందన్న భరోసా లేదు. 2024 ఫిబ్రవరి 13న న్యూయార్క్ నగరంలో మంచు తుపాను కారణంగా ప్రభుత్వ బడులన్నిటినీ ఆన్‌లైన్‌కు మార్చారు. తుపాను సంగతి ముందే తెలుసు, నిర్ణయమూ ముందురోజే తీసుకున్నారు. తీరా పొద్దున అందరూ ఒక్కసారిగా లాగిన్ అవబోతే వ్యవస్థ చేతులెత్తేసింది. చాలామందికి మొదటి గంటలు తెర ముందు ఎదురుచూపులతోనే గడిచాయి.

అందుకే నా అభిప్రాయం ఇది: ఒకటి రెండు రోజుల మూసివేతకు కొత్త పాఠం వద్దు, లైవ్ క్లాసు అసలే వద్దు. చెప్పిన పాఠాల్లోంచే నాలుగు కాగితాల పని ముందే ముద్రించి పిల్లల సంచుల్లో ఉంచితే చాలు. చదవడానికి ఒక పేజీ, చేయడానికి పది లెక్కలు, ఇంట్లో ఎవరినైనా అడిగి రాయాల్సిన ఒక ప్రశ్న. కరెంటు పోయినా ఆ పని ఆగదు. తుపాను రోజున మొదట పోయేది కరెంటే కదా, ఆ వెనకే సిగ్నల్. పిల్లల ఇంట్లోనే కాదు, టీచరు ఇంట్లోనూ పోతాయి. ఈ రెండోది ఎందుకో ఆదేశాలు రాసేవాళ్లకు గుర్తుండదు.

మూసివేత వారాలు దాటితే లెక్క మారుతుంది. అప్పుడు సెలవు అనుకుని ఊరుకోలేం. 1937లో పోలియో భయంతో షికాగోలో బడులు తెరవడం వాయిదా పడినప్పుడు పాఠాలను రేడియోలో చెప్పారు. 3 నుంచి 8వ తరగతి దాకా, ఒక్కో పాఠం 15 నిమిషాలు. ఏ పాఠం ఎప్పుడో పత్రికల్లో అచ్చయ్యేది. సందేహాలు అడగడానికి తల్లిదండ్రులకు ఒక ఫోను నంబరు ఇచ్చారు. రేడియో లేని ఇళ్లు, సరిగా వినపడని ఇళ్లు, పాఠం మరీ వేగంగా పోతోందన్న ఫిర్యాదులు అప్పుడూ ఉన్నాయి. ఎబోలా అంటువ్యాధి వచ్చిన 2014లో పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్ కూడా రేడియో బాటే పట్టింది. 2020లో మళ్లీ బడులు మూతపడితే ఆ అనుభవాన్నే బయటికి తీసింది. అదే ఏడాది ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు దూరవిద్య ఏ రూపంలోనూ అందే వీలు లేకపోయిందని యునిసెఫ్ అంచనా వేసింది. రేడియో, టీవీ, ఇంటర్నెట్ అన్నీ కలుపుకున్నా ఇదీ పరిస్థితి. కాబట్టి పెద్ద మూసివేతకైనా ఒకే దారిని నమ్ముకుంటే కుదరదు. కాగితం, రేడియో, ఫోను, నెట్... ఏ ఇంటికి ఏది చేరుతుందో ముందే తెలిసి ఉండాలి.

ఆ తెలుసుకోవడం మామూలు రోజుల్లో జరగాల్సిన పని. ప్రతి క్లాసు టీచరు దగ్గరా ఒక పట్టిక ఉండాలి: ఈ పిల్లకు ఏ నంబరుకు చేస్తే దొరుకుతుంది, ఆ ఫోను పగలు ఇంట్లో ఉంటుందా, సాయంత్రమేనా, దాన్ని ఎంతమంది పంచుకుంటారు. 'ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా? అవును/కాదు' అన్న ఫారం ఈ పనికి రాదు. ఆన్‌లైన్ క్లాసు పాస్‌వర్డ్ పిల్లాడి నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసి ఉందా, బడి బీరువాలో ఉండిపోయిందా అన్నంత చిన్న విషయం దగ్గర కూడా రోజంతా పోతుంది. ఏడాదికి ఒకసారైనా, బడి తెరిచే ఉన్న రోజునే, ఇంటి నుంచి క్లాసులో చేరడం ఎలాగో అందరితో చేయించి చూడాలి. బడి భోజనం మీద ఆధారపడిన పిల్లలుంటే అది ఎలా అందుతుందో పాఠాల కన్నా ముందు తేల్చాలి. ఆకలితో ఉన్న పిల్లాడికి వర్క్‌షీట్ పంపి ఏం లాభం?

చిక్కంతా పనిదినాల లెక్కతోనే వస్తోంది. ఇన్ని రోజులు బడి నడవాలన్న నిబంధన ఉన్నంతకాలం ఏ అధికారికైనా సెలవు కన్నా మొక్కుబడి ఆన్‌లైన్ రోజే సురక్షితం. దీనికి మందు కష్టమైంది కాదు. ఏటా కొన్ని రోజులు అత్యవసర సెలవుల కింద క్యాలెండరులోనే కేటాయించి, అవి దాటితేనే దూరపాఠాలు లెక్కలోకి వచ్చేలా చేయాలి. లింకు నొక్కితే హాజరు వేసే పద్ధతిని ఎత్తేయాలి. టీచరు పిల్లాడితో మాట్లాడారా, వాడు చేసిన పని చూశారా అన్నదాన్ని బట్టి వేయాలి.

బడి తిరిగి తెరిచిన రోజు సంగతి కూడా ప్రణాళికలో రాసి ఉండాలి. మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం ఎత్తుకోకుండా, ఎవరి కాగితాలు ఎంతవరకు పూర్తయ్యాయో చూసి, ఎవరిల్లు నీట మునిగిందో కనుక్కుని, ఆ తర్వాతే పుస్తకం తెరవాలి.