మెటాడేటాలో నంబరు మార్చినంత మాత్రాన ఎక్స్‌టెన్షన్ నడవదు

బెంగళూరులో గంటల లెక్కన బిల్లు వేసుకునే తెలుగు డెవలపర్ల మధ్య, మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా, ఒక వాట్సాప్ సలహా బాగా తిరుగుతోంది. "ఉబుంటులో టైమ్ ట్రాకర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. ఏదో ఒక ఎక్స్‌టెన్షన్ జిప్ దించి ఫోల్డర్‌లో పడేయండి. పాతదైతే మెటాడేటాలో వెర్షన్ నంబరు మార్చండి. సొంతంగా రాయాలన్నా సెకనుకోసారి ఒకటి కలుపుతూ పోతే చాలు. ఒక్కటే జాగ్రత్త, ఎక్స్‌టెన్షన్ తీసేస్తే గంటలన్నీ పోతాయి." ఎక్స్‌టెన్షన్ అంటే ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్. ఈ సలహాలో డబ్బు పెట్టక్కర్లేదన్నదే నిజం. మిగతా నాలుగు మాటలూ తప్పు. సెకన్ల లెక్క అయితే నేరుగా బిల్లునే దెబ్బతీస్తుంది.

"ఫోల్డర్‌లో పడేయండి." గిట్‌హబ్ నుంచి దించిన జిప్ విప్పితే ఫోల్డర్ పేరు చివర "మెయిన్" అనో "మాస్టర్" అనో తగులుకుని ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ వివరాలుండే మెటాడేటా ఫైల్లోని యూయూఐడీ (దాని గుర్తింపు పేరు), ఫోల్డర్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే కాకపోతే గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్‌ను నడిపే ప్రోగ్రామ్) దాన్ని లోడ్ చేయదు. పేరు సరిచేసినా ఇంకో చిక్కుంది. సెట్టింగుల స్కీమాను (ఏయే సెట్టింగులున్నాయో చెప్పే ఫైల్) కంపైల్ చేయాలి. గ్నోమ్ 44 నుంచి గ్నోమ్-ఎక్స్‌టెన్షన్స్ ఇన్‌స్టాల్ కమాండ్ ఆ పని తనే చేస్తుంది, చేత్తో కాపీ చేస్తే ఎవరూ చేయరు. అందుకే మెటాడేటా ఫైల్ లోపలి ఫోల్డర్‌లో కాక పైనే ఉన్న జిప్‌ను ఆ కమాండ్‌కే ఇవ్వండి. గిట్‌హబ్ సోర్స్ జిప్‌ను ఉన్నదున్నట్టు ఇస్తే అది తీసుకోదు. తెరను నడిపే కొత్త పద్ధతి వేలాండ్‌లో లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితేగానీ కొత్త ఎక్స్‌టెన్షన్ కనబడదు. పాత పద్ధతి ఎక్స్11లో ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఆర్ కొడితే చాలు. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి వేరే డెస్క్‌టాప్‌లు వాడేవారికి ఈ ఎక్స్‌టెన్షన్లు అసలు పనికిరావు.

"వెర్షన్ నంబరు మార్చండి." ఉబుంటు 22.04లో ఉన్నది గ్నోమ్ 42, 24.04లో ఉన్నది 46. మధ్యలో 2023 సెప్టెంబరులో వచ్చిన 45 ఎక్స్‌టెన్షన్లు లోడయ్యే పద్ధతినే మార్చేసింది. పాత ఇంపోర్ట్స్ పద్ధతి పోయి జావాస్క్రిప్ట్ మాడ్యూల్స్ వచ్చాయి. ఇనిట్ ఫంక్షన్ బదులు ఎక్స్‌టెన్షన్ క్లాస్‌ను డిఫాల్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. నంబరు మారిస్తే "పాతబడింది" అనే మాట పోయి "ఎర్రర్" అనే మాట వస్తుంది, అంతే. 42 నుంచి 44కి వెళ్లేటప్పుడు ఒక్కోసారి ఆ కిటుకు పనిచేస్తుంది, బహుశా సలహా అక్కడే పుట్టింది. 45 దాటాక కోడ్ తిరగరాయాల్సిందే.

"సెకనుకోసారి ఒకటి కలపండి." స్క్రీన్ లాక్ పడగానే షెల్ మీ డిసేబుల్ ఫంక్షన్‌ను పిలుస్తుంది, తెరవగానే ఎనేబుల్‌ను పిలుస్తుంది. డిసేబుల్‌లో టైమర్ సోర్స్‌ను తీసేయకపోతే పాతది ఆగదు, కొత్తది దాని పక్కనే మొదలవుతుంది. ఒక్కసారి లాక్ చేసి తెరిస్తే గంట పని రెండు గంటలుగా కనబడుతుంది. ల్యాప్‌టాప్ సస్పెండ్ అయితే దీనికి వ్యతిరేకం: టైమర్ నడిచే మోనోటోనిక్ గడియారం (తేదీతో సంబంధం లేని సిస్టమ్ లోపలి గడియారం) ఆ సేపు కదలదు. పైగా సెకన్ల టైమర్ ఖచ్చితంగా సెకనుకే మోగుతుందన్న హామీ లేదు, కరెంటు ఆదా కోసం సిస్టమ్ దాన్ని కాస్త అటూఇటూ జరుపుతుంది.

కాబట్టి సెకన్లు లెక్కపెట్టకండి. పని మొదలైన క్షణాన్ని గోడ గడియారం (అసలు తేదీ, సమయం) ప్రకారం గ్నోమ్ సెట్టింగులు దాచే జీసెట్టింగ్స్‌లో రాసుకుని, చూపించేటప్పుడు ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేయండి. ప్యానెల్‌లో చూపించేది గంటలూ నిమిషాలే గనుక 60 సెకన్లకోసారి తాజా చేస్తే సరిపోతుంది.

ఇక్కడ ఇంకో గుంట ఉంది: కుర్చీలోంచి లేచి వెళ్లిన సమయం కూడా పనిలో కలుస్తుంది. పది నిమిషాలు కదలిక లేకపోతే మోగే ఐడిల్ వాచ్ పెడితే తీరుతుందనుకుంటారు, కానీ గ్నోమ్ సొంత సెట్టింగ్ ప్రకారం 5 నిమిషాలకే తెర ఆరి లాక్ పడుతుంది, వాచ్ మోగేలోపే ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుంది. డిసేబుల్‌లోనే ఐడిల్ మానిటర్‌ను ఎంతసేపటి నుంచి కదలిక లేదని అడిగి, అది మిల్లీసెకన్లలో ఇచ్చే జవాబును అప్పటి సమయంలోంచి తీసేసి ముగింపుగా రాయండి. 1:05కి భోజనానికి లేచారు, 1:10కి లాక్ పడింది: ముగింపు 1:05 అవుతుంది. చేత్తో లాక్ చేసి వెళ్తే ఆ తేడా దాదాపు సున్నా, కాబట్టి అదే కోడ్ రెంటికీ సరిపోతుంది. వేరే ఎక్స్‌టెన్షన్‌ను ఆపినప్పుడు కూడా షెల్ మీదాన్ని క్షణకాలం ఆపి లేపవచ్చు. నిమిషంలోపు ఖాళీ అయితే అదే పనిగా కొనసాగించండి.

"తీసేస్తే గంటలన్నీ పోతాయి." హామ్‌స్టర్ అనే టైమ్ ట్రాకర్‌నే చూడండి. ప్యానెల్‌లో కనబడే ఎక్స్‌టెన్షన్ వేరు, డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) వెనకాల లెక్క రాసే సర్వీస్ వేరు. గంటలుండేది హోమ్ డైరెక్టరీలోని హామ్‌స్టర్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో. ఎక్స్‌టెన్షన్ తీసేసినా అది చెక్కుచెదరదు. జీసెట్టింగ్స్‌లో రాసినవీ డీకాన్ఫ్ అనే సెట్టింగుల డేటాబేస్‌లో అలాగే ఉంటాయి. పోయేవల్లా ఎక్స్‌టెన్షన్ సొంత ఫోల్డర్‌లో రాసుకున్నవి. వాటిని చెరిపేయడానికి ఒక్క అప్‌డేట్ చాలు, కాబట్టి సొంతంగా రాసేవారు అక్కడ ఏ ఫైలూ పెట్టకండి. హామ్‌స్టర్ వాడేవారు సర్వీస్ ఆపి ఆ ఒక్క ఫైల్‌ను నెలకోసారి బిల్లు పంపే రోజున కాపీ తీసుకుంటే చాలు.