కొండలున్నాయి, పందాలే లేవు

రోజుకో అంచెగా సాగే సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో, 2024లో మూడో అంచె ఇటలీలోని టురిన్‌లో ముగిసింది. అందరికన్నా ముందు గీత దాటినవాడు ఎరిత్రియా కుర్రాడు బినియామ్ గిర్మే. 1903లో మొదలైన ఆ పందెంలో అంచె గెలిచిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అతడే. ఆ తరువాత మరో రెండు అంచెలు గెలిచి, పాయింట్ల పోటీలో ఆకుపచ్చ జెర్సీ కూడా దక్కించుకున్నాడు. వడ్రంగి కొడుకు, ఎత్తైన ఊరు, పట్టుదల అంటూ ఈ కథను మెచ్చుకుని వదిలేయడం సులభం. ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువాళ్ళం మాత్రం దాన్ని ఇంకాస్త శ్రద్ధగా చదవాలి. మనకు ఏముందో, ఏమి లేదో అందులో తేటతెల్లంగా ఉంది.

మనకు ఉన్నది కొండ. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లారీలు మలుపు మలుపుకూ గేరు తగ్గించుకుంటూ రొప్పుతాయి. పొట్టంగి దాటి సెమిలిగుడ చేరేసరికి సుమారు 900 మీటర్ల ఎత్తున పీఠభూమి పరుచుకుంటుంది. పక్కనే ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి, 1,672 మీటర్లు. శిఖరం దగ్గర దాకా రోడ్డు ఉంది. ఈ రోడ్ల మీద బడికి సైకిల్ తొక్కే పిల్లల కాళ్ళకు, ఊపిరికి ఎవరూ వంక పెట్టలేరు.

కానీ సైక్లిస్టును కొండ ఒక్కటే తయారు చేయదు. ఎరిత్రియా రాజధాని అస్మారా సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది, నిజమే. అంతకన్నా ముఖ్యం, అక్కడ దశాబ్దాలుగా పందాలు ఉన్నాయి. వాటిని తెచ్చినవాళ్ళు ఇటలీ వలస పాలకులు. మొదట్లో స్థానికులను దగ్గరికి రానిచ్చేవారు కాదు. 1939లో ఇరువర్గాలనూ కలిపి పెట్టిన పందెంలో గెబ్రెమరియమ్ గెబ్రు అనే ఎరిత్రియన్ గెలిచాడు. పాలకులు వెళ్ళిపోయారు, పందెం ఊరి అలవాటుగా మిగిలింది. 2015లో డానియల్ టెక్లేహైమానోట్ టూర్‌లో కొండల వీరుడి చుక్కల జెర్సీ తొడిగాడంటే, ఆ తరువాత గిర్మే వచ్చాడంటే, ఆ అలవాటు చలవే.

పందెం నేర్పేది ఇంకెక్కడా దొరకదు. గుంపులో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో నడిపేవాడికి గాలి తాకిడి బాగా తగ్గి, చాలా శక్తి మిగులుతుంది. ఆ జానెడు దూరం ఒంటరి సాధనలో అబ్బదు. పక్కవాడి మోచేయి తగులుతున్నా హ్యాండిల్ బిగించకుండా ఉండటం, బ్రేకు ముట్టకుండా మలుపు తీసుకోవడం, గాలి పక్క నుంచి కొడితే ఎవరి చాటున చేరాలో క్షణంలో తేల్చుకోవడం, ఇవన్నీ పదిహేను, పదహారేళ్ళకే ఒంటపట్టాలి. జూనియర్ విభాగం 18 ఏళ్ళతో, దాని పై మెట్టు 22తో ముగుస్తాయి. ఇరవయ్యో ఏట తొలిసారి మంచి రేసింగ్ సైకిల్ ఎక్కినవాడికి అప్పటికే సగం మెట్లు దాటిపోయి ఉంటాయి.

ప్రతిభ ఉన్నా నిచ్చెన ఎంత బలహీనమో గిర్మే జీవితమే చెబుతుంది. స్విట్జర్లాండ్‌లోని ఎగెల్ సైక్లింగ్ శిక్షణ కేంద్రం అతడిని యూరప్ పందాలకు చేర్చింది. తొలి వృత్తి జట్టు డెల్కో 2021లో ఆర్థికంగా కుప్పకూలింది. బెల్జియం జట్టు ఒకటి తీసుకోబట్టి నిలబడ్డాడు. మరుసటి ఏడాది మార్చిలో బెల్జియంలో జరిగే గెంట్-వెవెల్గెమ్ పందెం గెలిచాడు. అందరూ అక్కడే జరిగే మరో పెద్ద పందెం, ఫ్లాండర్స్‌లోనూ దిగమన్నారు. అతడు ముందు అనుకున్నట్టే భార్య, పసిబిడ్డ దగ్గరికి ఇంటికి వెళ్ళాడు. ఈ వృత్తిలో గెలుపు కన్నా ఇంటికి దూరంగా గడిపే నెలలే ఎక్కువ. పైగా గుంపులో చాలామంది నాయకుడికి నీళ్ళ సీసాలు మోసి, గాలికి ఎదురు నిలబడి జీతం తీసుకునేవాళ్ళే. ఆ పని గౌరవమైనదని నా గట్టి నమ్మకం. మన పిల్లలకు కావలసింది ఆ స్థాయి ఉద్యోగం, ఛాంపియన్ కల ఒక్కటే కాదు.

మన దేశంలో సైక్లిస్టు బతుకుకు ఆధారం ఎక్కువగా రైల్వే లేదా సైన్యం ఉద్యోగం. కడుపు నింపే ఆ దారిని తప్పు పట్టను. అయితే ఉద్యోగం రాగానే చాలామందికి పందెం ముగిసిపోతుంది. 2026 జనవరిలో మహారాష్ట్రలో పూణే గ్రాండ్ టూర్ అంతర్జాతీయ స్థాయిలో జరగడం మంచి మలుపే. కింద జిల్లా పందాలు లేకుండా అలాంటివి ఎన్ని పెట్టినా విదేశీ జట్లకే పనికొస్తాయి. ఉత్తర కర్ణాటకలోని విజయపుర, బాగల్‌కోట్‌లను చూడండి. క్రీడా వసతిగృహాల అండతో రైతుబిడ్డలు జాతీయ పతకాలు తెస్తున్నారు. ఒడిశాలోనే సుందర్‌గఢ్ హాకీకి ఏమి చేసిందో మనకు తెలియనిది కాదు.

సరిహద్దు పిల్లల ఇబ్బంది ఇంకొకటి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడిశా తరఫున ఆడాలంటే రాజధాని భువనేశ్వర్ దాదాపు 500 కిలోమీటర్లు. దగ్గరున్న విజయనగరం, విశాఖ పక్క రాష్ట్రానివి. రెండు రాష్ట్రాల సంఘాలు కలిసి కూర్చుంటే ఈ చిక్కు తీరుతుంది, ఇరువైపుల పిల్లలకూ ఒకే పందెం పెట్టవచ్చు.

మొదలుపెట్టడానికి స్టేడియం అక్కరలేదు. కొరాపుట్ జిల్లాలోని సునాబేడ టౌన్‌షిప్ లాంటి చోట ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు వాహనాలు ఆపితే చుట్టు పందానికి బాట సిద్ధం. ముందొక జీపు, వెనుక ఒక అంబులెన్సు, మలుపుల దగ్గర జెండాలు పట్టిన వాలంటీర్లు, అందరికీ హెల్మెట్లు కావాలి. బడి సైకిళ్ళకు ఒక విభాగం, రేసింగ్ సైకిళ్ళకు మరొకటి. నెలకొకసారి, వానాకాలం మినహా, తేదీ తప్పకుండా జరగాలి. ఏడాది చివర దేవమాలి ఎక్కే పందెం పెట్టి, ముందు వచ్చిన పది మందిని వసతిగృహంలో చేర్చమని జిల్లా క్రీడాధికారిని అడగాలి. అడిగేవాళ్ళలో ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా ఉండాలి.