గ్రిల్ వెనక లేని జాలీ గారికి

మహారాజశ్రీ జాలీ గారి సముఖానికి,

కడప జిల్లా ఎర్రగుంట్ల, ముద్దనూరు దారుల్లో టిప్పర్ల వెనక నడిచే కార్ల యజమానులు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం, మా ఏసీ కండెన్సర్లు తప్ప. మీరు మా కార్లలో లేరు కాబట్టి మీ క్షేమం అడగడం లేదు.

కంకర రాళ్ళను ఆపే వల మీరు, మీరు ఉండాల్సిన చోటు మాత్రం బాగా తెలుసు. ముందు బంపర్ కింది గ్రిల్‌లో చెయ్యి దూరేంత సందు ఉంది, గాలి కోసం వదిలింది. దాని వెనకే కండెన్సర్, ఆ వెనక రేడియేటర్, ఫ్యాను. కండెన్సర్ అంటే ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే పలచని అల్యూమినియం గొట్టాల వరస. గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. సున్నపురాయి టిప్పర్లు కొన్నింటికి పైన కప్పే పట్టా ఉండదు. ఉన్నా, వెనక తలుపు సందులోంచి కంకర రాలుతూనే ఉంటుంది. 80 స్పీడులో పోయే కారుకు శనగగింజంత రాయి చాలు. చిన్న కారులో పట్టే 450 గ్రాముల గ్యాసు, దాంతోపాటు కొంత కంప్రెసర్ ఆయిలు గాలికి పోతాయి. బయట మే నెల ఎండ, లోపల ఫ్యాన్‌లోంచి అదే ఎండ.

వారంటీ వాళ్ళను అడిగితే రాయి బయటినుంచి వచ్చింది, మాకు సంబంధం లేదంటారు. ఇన్సూరెన్స్ వాళ్ళు సంబంధం ఉందంటారు గానీ 1500 సీసీ లోపు కారుకు మొదటి 1,000 రూపాయలు మనవే, బండి వయసును బట్టి పార్టు తరుగు మనదే, అయిదేళ్ళుగా దాచుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పాయె. గ్యాసు ఖర్చు కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే సరుకు) కింద కొట్టేస్తారు, ఆ యాడ్-ఆన్, అంటే అదనపు కవరు, ముందే కొనుక్కుని ఉంటే తప్ప.

మరి మీరెందుకు రారు? మీ ఖరీదు కొన్ని వందలు. కారు కంపెనీకి ఆ డబ్బు లెక్క కాదు. మిమ్మల్ని ఊరికే బిగిస్తే, ఇన్నాళ్ళూ లేకపోవడం తప్పేనని ఒప్పుకున్నట్టవుతుందని భయం. రేపు పొద్దున కండెన్సర్ మార్పించుకున్నవాళ్ళంతా పాత బిల్లులు పట్టుకుని వాకిట్లో నిలబడతారు. కాబట్టి, తప్పు ఒప్పుకోకుండానే మిమ్మల్ని పంపే దారేదో మేమే వాళ్ళకు చూపించాలి. ‘రీకాల్’ (లోపముందని కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) అన్నామా, ఫైలు లాయరు చేతికి పోతుంది. ‘గుడ్‌విల్’ (తప్పు ఒప్పుకోకుండా మర్యాద కొద్దీ చేసిపెట్టడం) అన్నామా, సర్వీస్ విభాగంలోనే ఉంటుంది. కొత్త కండెన్సర్ ఊరికే ఇమ్మని మొదటే పట్టుబట్టకూడదు. తర్వాతి సర్వీసుకు వచ్చిన కార్లన్నింటికీ జాలీ బిగించమని అడగాలి. వాళ్ళు దానికి ‘సర్వీస్ క్యాంపెయిన్’ అని పేరు పెట్టుకుంటే మాకేం అభ్యంతరం?

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మధ్యలో డీలర్ ఉన్నాడు. ఆయన జాబ్ కార్డులో ‘ఏసీ చెక్’ అని రెండు ముక్కలు గీకి సంతకం పెట్టమంటాడు. పెట్టకూడదు. ‘ఏసీ చల్లబడటం లేదు, కండెన్సర్ ముందు వైపు కింది భాగంలో లీకు, గ్రిల్ సందుకు రక్షణ లేదు’ అని రాయించాలి, కిలోమీటర్ల రీడింగుతో సహా. పాత కండెన్సర్‌ను స్క్రాప్‌కు వదలకుండా ఫొటోలు తీయాలి: ఛాసిస్ నంబరుతో ఒకటి, బొక్క పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే పాత పార్టు వాళ్ళకు పోవచ్చు, అందుకే ఫొటోలు ముందే.

అసలు ప్రతి లీకునూ మీ ఖాతాలో వేయకూడదు. రాయి దెబ్బయితే గొట్టం మధ్యలో లోపలికి సొట్ట ఉంటుంది, చుట్టూ ఫిన్లు (గొట్టాల మధ్య పలచని రేకులు) నలిగి, కారిన ఆయిలుకు దుమ్ము అంటుకుని నల్లటి మరక కనిపిస్తుంది. సొట్ట లేకుండా, గొట్టం చివర అతుకు దగ్గర మరకుంటే అది అతుకు లోపం. దానికి వారంటీలో కొత్త కండెన్సరే అడగాలి, జాలీతో సరిపెట్టుకోకూడదు. ఈ తేడా తెలియక రెండింటికీ ‘స్టోన్ హిట్’ అని సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ. సబ్బునీళ్ళు కొట్టి బుడగలు వచ్చే చోటు కళ్ళారా చూశాకే కాగితం ముట్టుకోవాలి.

అదే మోడల్, అదే చోట బొక్క పడిన కార్ల ఫొటోలు ఓ పది పోగుచేసి, డీలర్ ద్వారా ఏరియా సర్వీస్ మేనేజర్‌కు, కస్టమర్ కేర్‌కు ఒకే మెయిల్ పంపాలి. తర్వాతి ఏడాది మోడల్లో మీరు కనిపిస్తే పార్టు నంబరు కూడా జతచేయాలి. అంతకు మించిన సాక్ష్యం ఉండదు. కాదంటే, ఏ షరతు ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా ఇమ్మనాలి. నోటిమాటగా కాదనడం సులువు, కాగితం మీద కాదనాలంటే పైవాళ్ళను అడగాల్సి వస్తుంది.

ఇంకా బెట్టు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను. తర్వాత కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్ళు. చెల్లించిన ధర 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. ఇక మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద రీకాల్ అంటారా, మనుషులకో పర్యావరణానికో హాని ఉండాలి. ఈ గ్యాసు, ఆర్134ఏ, కార్బన్ డయాక్సైడ్ కంటే 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 450 గ్రాములు పోతే 640 కిలోల పైమాట కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఈ లెక్క ఒక్కటే చూపితే రీకాల్ రాదు గానీ, ‘పచ్చదనం’ గురించి ప్రకటనలు వేసే కంపెనీకి మెయిల్లో ఒక వాక్యంగా రాస్తే చదివేవాళ్ళకు చెమటలు పడతాయి.

ఈలోగా బయట అంగడి నుంచి మీ దాయాదులు వస్తున్నారు. దోమల వల లాంటివాళ్ళను రానివ్వడం లేదు; గాలి ఆగి, పురుగులు, బురద పట్టి ఇంజన్ వేడెక్కుతుంది. 5, 6 మిల్లీమీటర్ల కంతలుంటే చాలు. గ్రిల్ వెనకే జిప్ టైలతో కట్టాలి, కండెన్సర్‌కు తగలకుండా రెండు సెంటీమీటర్లు ఎడం ఉంచాలి. తగిలితే ఊగి ఊగి అదే బొక్క పెడుతుంది. కట్టాక మిట్టమధ్యాహ్నం బండి నిలబెట్టి, ఏసీ వేసి, టెంపరేచర్ ముల్లు చూసుకోవాలి.

తమరు మాత్రం కంపెనీ డబ్బాలో, కంపెనీ క్లిప్పులతో దయచేయండి. బిల్లులో లేబర్ గడి కూడా సున్నా ఉండేలా చూసుకోండి. పార్టు ఫ్రీ అని చెప్పి బంపర్ విప్పినందుకు డబ్బు అడిగే అలవాటు ఇక్కడ ఉంది.

ఇట్లు,
టిప్పర్ వెనక వంద గజాల దూరంలో,
మీ ఎదురుచూపరులు