అన్నీ ఆఫ్ చేసి మ్యాక్ ఓఎస్ ఎక్కించే పద్ధతి ఇకనైనా మానండి

మారతహళ్ళి పీజీల్లోనూ, ఎస్పీ రోడ్డు షాపుల్లోనూ హాకింటాష్ (ఆపిల్‌ది కాని పీసీ మీద మ్యాక్ ఓఎస్ నడపడం) మాట ఎత్తితే చాలు, ఒకటే మంత్రం వినిపిస్తుంది. "సెక్యూర్ బూట్ తీసెయ్, టీపీఎం తీసెయ్, సిప్ తీసెయ్, గేట్‌కీపర్ తీసెయ్, అప్పుడు ఎక్కుతుంది." ఇవన్నీ రక్షణ తాళాలే: సెక్యూర్ బూట్ అంటే నమ్మే సంతకం ఉన్న ఫైళ్ళతోనే పీసీని మొదలుపెట్టనిచ్చేది, టీపీఎం అంటే తాళంచెవులు దాచే చిప్, సిప్ అంటే మ్యాక్ ఓఎస్ సిస్టమ్ ఫైళ్ళను మార్చనివ్వనిది, గేట్‌కీపర్ అంటే తెలియని యాప్‌లను ఆపేది. ఐఓఎస్ యాప్‌లు నేర్చుకుందామని ఊళ్ళ నుంచి బెంగళూరు వచ్చి, మ్యాక్‌బుక్ కొనే స్థోమత లేక ఉన్న ఇంటెల్ పీసీతోనే నెట్టుకొచ్చే మన పిల్లలు ఈ మాట నమ్మి ఉన్న తాళాలన్నీ పీకేస్తున్నారు. ఎక్కింది కదా అని అదే మెషీన్‌లో బ్యాంకు లాగిన్లూ పెడుతున్నారు. ఇల్లంతా ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ బ్రాండ్ మెషీన్ మీదే వాడాలి. కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్ మీద, క్లయింటు కోడ్ ఉన్న మెషీన్ మీద ఈ పని పెట్టుకోవద్దు. తెలిసే, సొంత పీసీ మీద నేర్చుకోవడానికి చేసుకుంటున్నవాళ్ళ కోసం ఇది.

ఇన్‌స్టాల్ ఆగిపోయినప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఇంకేం ఆఫ్ చెయ్యాలి" అని కాదు, "ఇప్పుడు నన్ను ఆపింది ఎవరు" అని. ఆపేవాళ్ళు నలుగురే. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ (బయాస్) ఒకటి. పీసీ మీద మ్యాక్ ఓఎస్‌ని లేపే బూట్ ప్రోగ్రామ్ ఓపెన్‌కోర్, దాని సొంత తనిఖీలు రెండోది. ఓపెన్‌కోర్ నడిపించే ఆపిల్ సెక్యూర్ బూట్ (మ్యాక్ ఓఎస్ ఫైళ్ళకి ఆపిల్ సంతకం ఉందో లేదో చూసేది) మూడోది. లోపలికి వెళ్ళాక మ్యాక్ ఓఎస్ నాలుగోది. స్క్రీన్ మీద ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూస్తే మనిషి దొరికిపోతాడు. మిగతా ముగ్గురి జోలికి వెళ్ళే పనే లేదు.

పెన్‌డ్రైవ్ ఎంచుకోగానే ఓపెన్‌కోర్ మెనూ రాకుండా "సెక్యూర్ బూట్ వయొలేషన్" అనే డబ్బా వచ్చిందంటే అది ఫర్మ్‌వేర్ పని. ఓపెన్‌కోర్ ఫైళ్ళకి మీ బోర్డు నమ్మే సంతకం లేదు, అంతే. ఇక్కడ సెక్యూర్ బూట్ ఆపక తప్పదు. అసుస్ బోర్డుల్లో బూట్ మెనూలో ఓఎస్ టైప్‌ని అదర్ ఓఎస్‌కి మారిస్తే చాలావరకు సరిపోతుంది. కొన్ని పాత బోర్డుల్లో సెక్యూర్ బూట్ కీలు (ఏ సంతకాలు నమ్మాలో చెప్పేవి) తొలగిస్తేనే ఆగుతుంది. అలాంటప్పుడు ముందు కీలను పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసుకోండి. డిఫాల్ట్ కీలు తిరిగి ఎక్కించే ఆప్షన్ కూడా అదే పేజీలో ఉంటుంది.

కానీ ఆ బటన్ నొక్కేముందు, అదే పీసీలో విండోస్ 11 ఉంటే, బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) సంగతి చూసుకోండి. ఎక్కువమంది మునిగేది ఇక్కడే. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా మెషీన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతోంది. ఆ తాళం టీపీఎంలో ఉంటుంది. సెక్యూర్ బూట్ స్థితితో ముడిపడి ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆపి విండోస్‌లోకి వెళ్తే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉందో లేదో, ఏ ఈమెయిల్‌తో ఉందో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత విండోస్‌లో బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యండి. డీక్రిప్ట్ చెయ్యక్కర్లేదు, సస్పెండ్ చాలు. మామూలుగా సస్పెండ్ చేస్తే ఒక్క రీస్టార్ట్‌కే మళ్ళీ ఆన్ కావచ్చు, కాబట్టి పవర్‌షెల్‌లో రీబూట్ కౌంట్ 0 ఇచ్చి సస్పెండ్ చేస్తే మీరు తిరిగి ఆన్ చేసేదాకా ఆగి ఉంటుంది.

ఇదే లెక్కన విండోస్‌ని ఓపెన్‌కోర్ మెనూ నుంచి బూట్ చెయ్యొద్దు. మధ్యలో ఓపెన్‌కోర్ దూరితే బూట్ వరస మారిందని టీపీఎం గమనిస్తుంది, బిట్‌లాకర్ మళ్ళీ కీ అడుగుతుంది. విండోస్ కావాలంటే బోర్డు సొంత బూట్ మెనూ నుంచే వెళ్ళండి.

టీపీఎం ఆపమనే సలహా అయితే పూర్తిగా దండగ. మ్యాక్ ఓఎస్ దాన్ని పట్టించుకోదు. దాన్ని క్లియర్ చేశారంటే మాత్రం విండోస్ పిన్ పోతుంది, బిట్‌లాకర్ తాళం కూడా పోతుంది. వీటీ-డీ (పరికరాలు మెమరీని ఇష్టం వచ్చినట్టు తాకకుండా చూసే ఇంటెల్ సౌకర్యం) విషయమూ అంతే. బయాస్‌లో ఆన్‌లోనే ఉంచి, ఓపెన్‌కోర్ కాన్ఫిగ్‌లో కెర్నెల్ క్విర్క్స్ కింద డిసేబుల్‌ఐఓమ్యాపర్ ఆన్ చేస్తే మ్యాక్ వైపు గొడవ ఉండదు, విండోస్, లినక్స్ వైపు రక్షణ అలాగే ఉంటుంది.

సెక్యూర్ బూట్ ఎప్పటికీ ఆఫ్‌లోనే ఉండాలా? అక్కర్లేదు. సొంత కీలు తయారుచేసుకుని ఓపెన్‌కోర్‌కి మీరే సంతకం పెట్టుకోవచ్చు. బూట్ ఫైలు, ఓపెన్‌కోర్ ఫైలు, డ్రైవర్స్ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలుకీ లినక్స్‌లో ఎస్‌బీసైన్‌తో సంతకం పెట్టాలి, ఓపెన్‌కోర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ పెట్టాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మీ కీలతో పాటు మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు కూడా ఎక్కించాలి. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే ఫర్మ్‌వేర్‌కి సంతకం మైక్రోసాఫ్ట్‌దే. అది లేకపోతే కార్డు లేవదు, నల్ల స్క్రీన్ తప్ప ఏమీ కనిపించదు. పైగా 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా ముగుస్తుంది, కాబట్టి 2023 నాటి కొత్తవీ చేర్చండి.

ఇక ఓపెన్‌కోర్ సొంత తనిఖీలు. కాన్ఫిగ్ ఫైల్లో మిస్క్ కింద సెక్యూరిటీ అనే భాగం. శాంపిల్ ఫైల్లో వాల్ట్ విలువ సెక్యూర్ అని ఉంటుంది. వాల్ట్ తయారుచెయ్యకుండా అలాగే వదిలేస్తే, వాల్ట్ కావాలి కానీ ఇవ్వలేదని చెప్పి మెనూ కూడా రాకుండా ఆగిపోతుంది. అక్కడ ఆప్షనల్ అని పెట్టాలి, మొదటి అక్షరం పెద్దది. చిన్నక్షరం పెడితే ఒప్పుకోదు. మెనూ వచ్చి అందులో పెన్‌డ్రైవ్ కనిపించకపోతే అది స్కాన్‌పాలసీ (ఏ డిస్కులు మెనూలో చూపించాలో చెప్పే విలువ) పని. డిఫాల్ట్ విలువ 17760515. అందులో సాటా, ఎన్‌విఎంఈ డిస్కులకీ, ఏపీఎఫ్ఎస్‌కీ (ఆపిల్ ఫైల్‌సిస్టమ్) అనుమతి ఉంది, యూఎస్‌బీకి లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 0 పెట్టుకోండి, పనయ్యాక డిఫాల్ట్ విలువ తిరిగి పెట్టెయ్యండి. ఎవరో పెట్టిన పెన్‌డ్రైవ్ మెనూలో వరసకట్టకుండా ఉంటుంది. మ్యాక్ ఓఎస్ కాటలీనా లేదా అంతకన్నా పాత వెర్షన్ ఎక్కిస్తుంటే, డిస్కు ఉన్నా మెనూలో కనిపించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూఈఎఫ్ఐ కింద ఏపీఎఫ్ఎస్‌లో మిన్‌డేట్, మిన్‌వెర్షన్ రెండూ 0 ఉంటే బిగ్ సర్ (కాటలీనా తర్వాతి వెర్షన్), ఆ తర్వాతి డ్రైవర్లనే రానిస్తుంది. పాతవాటికి రెండింటికీ -1 ఇవ్వాలి. బిగ్ సర్ నుంచి ఎక్కించేవాళ్ళు దీన్ని ముట్టుకోవద్దు.

మూడో మనిషి, అంటే ఆపిల్ సెక్యూర్ బూట్ దగ్గర సెక్యూర్‌బూట్‌మోడల్, డీఎంజీలోడింగ్ అనే రెండు సెట్టింగులూ కలిసి పనిచేస్తాయి. రికవరీ పెన్‌డ్రైవ్ బూట్ కావట్లేదని డీఎంజీలోడింగ్‌ని సైన్డ్ (సంతకం ఉన్నవే) నుంచి ఎనీకి (ఏదైనా సరే) మార్చమంటారు. ఆగండి. ముందు పెన్‌డ్రైవ్‌లోని రికవరీ ఫోల్డర్ తెరిచి చూడండి. బేస్‌సిస్టమ్ డీఎంజీ (డిస్క్ ఇమేజ్ ఫైలు) పక్కన అదే పేరుతో చంక్‌లిస్ట్ అనే చిన్న ఫైలు ఉండాలి. సంతకం తనిఖీ చేసేది దాంతోనే. డీఎంజీ ఒక్కటే కాపీ చేసి, ఈ చిన్నది ఎందుకులే అని వదిలేస్తే సైన్డ్ సెట్టింగ్‌లో బూట్ కాదు. ఆ ఫైలు తెచ్చి పక్కన పెట్టండి, ఏ తాళమూ తియ్యకుండానే పనైపోతుంది. పైగా సెక్యూర్‌బూట్‌మోడల్ ఆన్‌లో ఉండగా ఎనీ పెడితే రెండింటికీ పొసగదు, కొత్త ఎర్రర్ వస్తుంది. అప్పుడు దాన్నీ ఆపేస్తారు. ఒక తప్పు దాచడానికి ఇంకో తప్పు.

బాగా నడుస్తున్న మెషీన్ అప్‌డేట్ తర్వాత లోడ్‌ఇమేజ్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్ అంటే, ప్రీబూట్ వాల్యూమ్‌లో (బూట్ ఫైళ్ళుండే డిస్కు భాగం) ఆపిల్ సెక్యూర్ బూట్ మానిఫెస్ట్‌లు (సంతకాల ఫైళ్ళు) లేవనో పాతబడ్డాయనో అర్థం. సెక్యూర్‌బూట్‌మోడల్‌ని తాత్కాలికంగా డిసేబుల్డ్ చేసి లోపలికి వెళ్ళి, స్టాండలోన్ ఫోల్డర్‌లోని మానిఫెస్ట్‌లను ప్రీబూట్‌లోని కోర్‌సర్వీసెస్‌లోకి కాపీ చేసి, మళ్ళీ డిఫాల్ట్‌కి తెచ్చుకోండి.

ఇప్పుడు సిప్. ఎక్కువ అపోహలు పేరుకున్నది దీని చుట్టూనే. ఓపెన్‌కోర్ ద్వారా ఎక్కించే కెక్స్ట్‌లకి (ఓఎస్ మూలభాగమైన కెర్నెల్‌కి చేర్చే డ్రైవర్ల లాంటివి), అంటే లైలూ, వాట్‌ఎవర్‌గ్రీన్, వర్చువల్‌ఎస్‌ఎంసీ లాంటివాటికి, సిప్ ఆపక్కర్లేదు. కెర్నెల్ మెమరీలోకి వస్తున్నప్పుడే ఓపెన్‌కోర్ వాటిని చేరుస్తుంది, సిప్ నిద్ర లేచేసరికే అవి లోపల ఉంటాయి. సిప్ ఆపమనడం, కెక్స్ట్‌లను సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టిన పాత రోజుల అలవాటు. ఆ రోజులు పోయినా అలవాటు పోలేదు.

నిజంగా సిప్ తగ్గించాల్సిన సందర్భం ఒకటుంది. మ్యాక్ ఓఎస్ 14 అయిన సొనోమాలో ఆపిల్ పాత బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లను తీసేసింది. ఐఓఎస్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ 16కి సొనోమా 14.5 కావాలి కాబట్టి పాత వెర్షన్‌లో ఉండిపోదామంటే కుదరదు. బ్రాడ్‌కామ్ కార్డు ఉన్నవాళ్ళు ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో రూట్ ప్యాచ్ చెయ్యాలి, అంటే తీసేసిన డ్రైవర్లను సిస్టమ్ డిస్కులో తిరిగి పెట్టాలి. దానికి కావాల్సిన సిప్ విలువ (కాన్ఫిగ్‌లో సీఎస్ఆర్-యాక్టివ్-కాన్ఫిగ్ అనే పేరు) 0ఎక్స్803. ఇందులో సంతకం లేని కెక్స్ట్‌ల అనుమతి 1, ఫైల్‌సిస్టమ్ అనుమతి 2, సీల్ (సిస్టమ్ మారలేదని చెప్పే ఆపిల్ ముద్ర) లేని రూట్ వాల్యూమ్ అనుమతి 800. ఆ మూడే చాలు. అందరూ పెట్టమనే ఎఫ్ఎఫ్0ఎఫ్0000 లో పన్నెండు తాళాలూ ఊడతాయి. అందులో ఆపిల్ ఇంటర్నల్ అనే బిట్, అంటే 10, ఆన్ అయితే సిస్టమ్ అప్‌డేట్లు రావడమే మానేస్తాయి. "అప్‌డేట్ చూపించట్లేదు" అని తలపట్టుకునేవాళ్ళలో చాలామందికి మూలం ఇదే.

విలువ రాసేటప్పుడు బైట్లు తిరగేసి రాయాలి. 00000803 కాదు, 03080000. మొదటిది రాస్తే కావాల్సిన మూడు బిట్‌లలో ఒక్కటీ ఆన్ కాదు, ప్యాచర్ ఇంకా సిప్ ఆన్‌లో ఉందంటుంది. సరిగ్గా రాసినా మారకపోతే, పాత విలువ ఎన్‌వీరామ్‌లో (బూట్ సెట్టింగులు దాచే బోర్డు మెమరీ) పాతుకుపోయిందన్నమాట. యాడ్‌లో రాస్తే సరిపోదు, అదే పేరు డిలీట్ జాబితాలో కూడా ఉండాలి. లేదా రీసెట్‌ఎన్‌వీరామ్‌ఎంట్రీ డ్రైవర్ పెట్టి మెనూ నుంచి ఒకసారి రీసెట్ కొట్టండి.

ఈ ప్యాచ్ కోసమే ఏఎంఎఫ్ఐని (యాప్‌ల సంతకాలు చూసే మ్యాక్ ఓఎస్ భాగం) పూర్తిగా ఆపే బూట్ ఆర్గ్యుమెంట్ పెట్టమనే సలహా ఇంకా తిరుగుతోంది. దయచేసి పెట్టకండి. ఏఎంఎఫ్ఐ ఆగితే పర్మిషన్ అడిగే వ్యవస్థ దెబ్బతింటుంది. ఇంటర్వ్యూ కోసం మీటింగ్ యాప్ తెరుస్తారు, మైక్ వాడుకోవచ్చా అని అడిగే డబ్బా రాదు. సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ జాబితాకి వెళ్తే యాప్ పేరు ఉండదు, మనం చేర్చడానికి ప్లస్ బటనూ ఉండదు. అవతలివాళ్ళకి మీ గొంతు వినిపించదు. సౌండ్ కెక్స్ట్ తప్పేమో అని రాత్రంతా వెతికినా దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. ఏఎంఎఫ్ఐపాస్ అనే కెక్స్ట్ పెడితే ఏఎంఎఫ్ఐ ఆన్‌లోనే ఉండి ప్యాచ్ పనిచేస్తుంది.

అసలు నన్నడిగితే ప్యాచే వద్దు. ఎం.2 స్లాట్ ఉంటే ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 కార్డు వేసుకుని ఐటీఎల్‌డబ్ల్యూఎం కెక్స్ట్, హెలీపోర్ట్ యాప్ పెట్టుకోండి. ఎయిర్‌డ్రాప్ ఉండదు. కానీ సిప్ పూర్తిగా ఆన్, అంటే 00000000, సీల్ చెక్కుచెదరదు. రూట్ ప్యాచ్ చేసిన మెషీన్‌లో సీల్ పోతుంది కాబట్టి చిన్న అప్‌డేట్‌కి కూడా పది జీబీ దాటిన పూర్తి ఇన్‌స్టాలర్ దిగుతుంది. అప్‌డేట్ అవగానే ప్యాచ్ ఎగిరిపోతుంది, దాంతో వైఫై పోతుంది. మళ్ళీ ప్యాచ్ చెయ్యడానికి కావాల్సిన ఫైళ్ళు దించుకోవాలంటే నెట్ కావాలి. వైఫై తప్ప వేరే దారి లేని పీజీ గదిలో ఇది ఎంత చిక్కో ఊహించుకోండి. లాన్ కేబుల్ అందే చోటు చూసుకున్నాకే అప్‌డేట్ నొక్కండి.

ఆపిల్ టీ2 సెక్యూరిటీ చిప్ ఉన్న మ్యాక్ మోడల్ పేరుతో, అంటే ఐమ్యాక్20,1, మ్యాక్‌ప్రో7,1 లాంటివాటితో నడుపుతూ సెక్యూర్‌బూట్‌మోడల్ డిసేబుల్డ్ పెట్టుకున్నవాళ్ళకి కూడా అప్‌డేట్ కనిపించదు. దానికి మందు రెస్ట్రిక్ట్‌ఈవెంట్స్ కెక్స్ట్, రెవ్‌ప్యాచ్ బూట్ ఆర్గ్యుమెంట్‌లో ఎస్‌బీవీఎంఎం. ఇంటెల్‌కి ఆఖరి వెర్షన్ అయిన తాహో 26 నడిచే ఇంటెల్ మ్యాక్‌లన్నీ టీ2 ఉన్నవే, కాబట్టి ఈ చిక్కు ఇంకా ఎక్కువమందికి వస్తుంది.

గేట్‌కీపర్ గురించి రెండు ముక్కలు. ఒక యాప్ తెరుచుకోకపోతే ఆ యాప్‌కే అనుమతి ఇవ్వండి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీ అడుగున ఓపెన్ ఎనీవే ఉంటుంది. ఒక్క యాప్ కోసం మొత్తం ఆపక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది రెడీమేడ్ ఈఎఫ్ఐ ఫోల్డర్ల (ఓపెన్‌కోర్, కెక్స్ట్‌లు, కాన్ఫిగ్ అన్నీ ఉండే ఫోల్డర్) విషయంలో. ఎవరు చేశారో తెలియని ఫోల్డర్ దించుకుని బూట్‌లో పెడితే, కెర్నెల్ కన్నా ముందు నడిచే కోడ్‌ని ఊరూ పేరూ లేనివాడి చేతిలో పెట్టినట్టే. సిప్, గేట్‌కీపర్ ఎన్ని ఆన్‌లో ఉన్నా అక్కడ ఏమీ చెయ్యలేవు. సీరియల్ నంబర్లు కూడా అందులో ముందే ఉంటాయి, అవే వందమంది వాడుతుంటారు, ఆపిల్ అకౌంట్ ఇరుక్కుంటుంది. ఓపెన్‌కోర్‌నీ కెక్స్ట్‌లనూ అధికారిక గిట్‌హబ్ పేజీల నుంచే దించండి. సీరియల్స్ జెన్ఎస్ఎంబయాస్ అనే టూల్‌తో కొత్తగా తీయండి. ఆపిల్ కవరేజ్ పేజీలో ఆ నంబరు చెల్లదని రావాలి. చెల్లుతుందని వస్తే అది ఇంకొకరి మ్యాక్‌ది, పక్కన పడేసి వేరేది తీయండి.

షాపులో చేయించుకునేవాళ్ళు డబ్బు చేతిలో పెట్టేముందు, ఎదురుగానే టెర్మినల్ తెరిపించి సీఎస్ఆర్‌యుటిల్ స్టేటస్ (సిప్ స్థితి చూపే కమాండ్) కొట్టించండి. ఎనేబుల్డ్ అని ఒక్క లైను వస్తే సరే. కస్టమ్ కాన్ఫిగరేషన్ అని వచ్చి కింద జాబితా కనిపిస్తే, ఎప్పుడూ డిసేబుల్డ్‌గానే ఉండాల్సిన ఆపిల్ ఇంటర్నల్ తప్ప, ఒక్కో డిసేబుల్డ్ దగ్గర వేలు పెట్టి ఇది ఎందుకు తీశారని అడగండి. వైఫై ప్యాచ్ కోసం అని చెప్పి, కెక్స్ట్ సైనింగ్, ఫైల్‌సిస్టమ్, రూట్ సీల్, ఆపిల్ ఇంటర్నల్ తప్ప మిగతా రక్షణలు ఎనేబుల్డ్ చూపిస్తే ఆ మనిషికి పని తెలుసు. "అన్నీ అలాగే ఉంటాయి సార్" అన్నాడంటే కాన్ఫిగ్ ఫైలు అక్కడే తెరిపించి, వైఫై ప్యాచ్ ఉంటే 03080000, లేకపోతే 00000000 రాయించి, ఎన్‌వీరామ్ రీసెట్ కొట్టించి, మళ్ళీ స్టేటస్ చూశాకే మెషీన్ తీసుకోండి.